గుండె ఆపరేషన్ బాగా జరిగింది, మరి ఊపిరెందుకు అందడం లేదు?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. మాది కావలి. ఆయనకు చాలాకాలంగా షుగరు ఉంది. నేను చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఇక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బైపాస్ ఆపరేషన్ చేయించాం. గుండెవరకు అంతా బాగుందన్నారు. కానీ వెంటిలేటర్ తీసిన రోజు రాత్రే ఊపిరి అందక మళ్లీ పెట్టారు. రెండోసారి తీసినప్పుడూ అంతే. చివరికి పదకొండో రోజున తీయగలిగారు. ఇప్పటికి ఏడు వారాలయింది. వేలచ్చేరిలో మా ఇంట్లోనే ఉన్నారు. పడుకుంటే చాలు, ఆయాసం వస్తోంది. రాత్రంతా కుర్చీలోనే కూర్చుని కునుకు తీస్తున్నారు. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత. గొంతు బొంగురుపోయింది, మంచినీళ్లు తాగితే పొలమారుతోంది. డిశ్చార్జి కాగితంలో ‘ఎడమ డయాఫ్రం పైకి లేచి ఉంది, ఫ్రెనిక్ నరం దెబ్బతిని ఉండవచ్చు’ అని ఒక్క ముక్క రాశారు. అడిగితే ‘అదే తగ్గిపోతుంది’ అన్నారు. తమ్ముడు ఆక్సిజన్ యంత్రం అద్దెకు తెచ్చి పెట్టాడు. వేలికి పెట్టే పరికరం 97 చూపిస్తోంది. ‘భయంతో మనసు పెట్టి పీల్చడం లేదు’ అంటుంది అమ్మ. కేసు వేద్దామంటాడు తమ్ముడు. కావలి వెళ్లిపోదామంటారు నాన్న. ఆ నరం మళ్లీ బాగుపడుతుందా? మేం ఇప్పుడేం చేయాలి?
– ఒక కూతురు, చెన్నై

సమాధానం:

అమ్మా,

మీరు అడిగిన ప్రతిదానికీ జవాబు చెబుతాను. ముందుగా మీరు అడగని సంగతి ఒకటుంది. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత అని రాశారు. పక్కన ఆక్సిజన్ యంత్రం నడుస్తోందనీ రాశారు. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందేమోనని అనుమానించాలి. నేను ఆయనను చూడలేదు కనుక అదేనని తేల్చి చెప్పలేను. కానీ ఆ అనుమానం తీరేదాకా కేసూ, కావలీ రెండూ ఆగాలి. రేపే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఏబీజీ అనే పరీక్ష చేయించండి. మణికట్టు దగ్గర ధమని నుంచి కొద్దిగా రక్తం తీస్తారు. మామూలు సూదికంటే కాస్త ఎక్కువ నొప్పి పుడుతుంది, ఫలితం మాత్రం నిమిషాల్లో వచ్చేస్తుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 మధ్య ఉండాలి. అంతకు మించి ఉంటే ఆయనకు కావలసింది ఆక్సిజన్ కాదు, ఊపిరికి సాయం.

వేలి పరికరం చూపే 97 చూసి ధైర్యపడకండి. అది రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది, అంతే. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతోందా లేదా అన్నది దానికి తెలియదు. పైపైన ఊపిరి తీసుకునే మనిషికి ఆక్సిజన్ పెట్టినప్పుడు అంకె చక్కగా పెరుగుతుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ కూడా నిశ్శబ్దంగా పెరుగుతూ పోతుంది. ఒక్కోసారి ఆక్సిజన్ ఎక్కువైనందువల్లే అది ఇంకా పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ నిలవ ఉందని అనుమానం ఉన్నవారికి ఆ అంకె 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని మేం చూసుకుంటాం. కాబట్టి ఇవాళే ఆస్పత్రికి ఫోను చేసి, ఈ లక్షణాలన్నీ చెప్పి, యంత్రం ఎన్ని లీటర్ల మీద ఉండాలో అడిగి తగ్గించండి. మీ అంతట మీరు పెంచవద్దు. పిలిస్తే సరిగా పలకకపోయినా, మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా రేపటిదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.

ఇక అసలు ఏం జరిగిందో చూద్దాం. ఊపిరి తీసుకునేది ఊపిరితిత్తులు కావు. వాటికి కండలు లేవు. వాటి కింద, ఛాతీకీ కడుపుకీ మధ్య, గొడుగులా అడ్డంగా పరుచుకున్న పల్చని కండరం ఉంది. అదే డయాఫ్రం. మనం ప్రశాంతంగా ఉన్నప్పుడు పీల్చే గాలిలో మూడింట రెండు వంతుల పని దానిదే. అది కిందికి దిగితే ఛాతీలోకి గాలి వస్తుంది, సడలితే బయటికి పోతుంది. ఈ కండరానికి ఎడమన ఒకటి, కుడిన ఒకటి, రెండే నరాలు. వాటినే ఫ్రెనిక్ నరాలంటారు. అవి మెడలో మూడు, నాలుగు, అయిదో వెన్నుపూసల స్థాయిలో మొదలై, మెడ దిగి, గుండెను కప్పి ఉంచే పొరకు రెండు పక్కలా అతుక్కుని, కిందిదాకా వెళ్తాయి. అంత ముఖ్యమైన నరం అంత దూరం, అదీ గుండెకు ఆనుకుని ప్రయాణించడం వల్లే ఛాతీ ఆపరేషన్లలో దానికి ప్రమాదం.

బైపాస్‌లో అది ఎలా దెబ్బతింటుందో కొంచెం వివరంగా చెబుతాను. తమ్ముడి కోపానికి సగం జవాబు ఇందులోనే ఉంది. గుండెకు ముందువైపున ఉండే ముఖ్యమైన రక్తనాళానికి కొత్తదారి వేయడానికి చాలాసార్లు ఛాతీగోడ లోపల ఎడమవైపున్న మామరీ ధమనిని వాడతారు. కాలి సిరకంటే అది ఎంతో ఎక్కువకాలం మన్నుతుంది, పదేళ్ల తర్వాత కూడా పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అది తెరిచే ఉంటుంది. రోగికి మేలు కోరే సర్జన్ దాన్నే ఎంచుకుంటారు. కానీ పైన, మొదటి పక్కటెముక దగ్గర, ఆ ధమనికి ఫ్రెనిక్ నరం బాగా దగ్గరగా ఉంటుంది. ధమనిని ఛాతీగోడ నుంచి విడదీసేటప్పుడు రక్తం ఆపడానికి వాడే కాటరీ వేడి తగలవచ్చు. నరం సాగవచ్చు. నరానికి రక్తం అందించే సన్నటి కొమ్మ ఆ ధమని నుంచే పుడుతుంది, అది తెగితే నరానికి పోషణ తగ్గవచ్చు. మరొక కారణం చలి. గుండెను ఆపి ఆపరేషన్ చేసేటప్పుడు దానికి రక్షణగా చుట్టూ మంచుముక్కలు పోసే పద్ధతి ఒకప్పుడు బాగా ఉండేది. ఆ చలికి పక్కనే ఉన్న ఎడమ నరం మొద్దుబారిపోయేది. ఈ సంగతి తెలిశాక చాలామంది మంచు వాడకం మానేశారు, వాడేవారు నరానికి అడ్డుగా మెత్త పెడతారు. ఇవి కాక థైమస్ గ్రంథి, ఛాతీ మధ్యలోని గడ్డలు తీసే ఆపరేషన్లలో, ఒకసారి ఆపరేషన్ అయినచోట మళ్లీ చేసేటప్పుడు, పసిపిల్లల గుండె ఆపరేషన్లలో కూడా ఈ నరం దెబ్బతింటుంది. ఎంతో అనుభవమున్న చేతుల్లోనూ జరుగుతుంది.

ఇప్పుడు మీ డాక్టర్లను మీరు గట్టిగా అడగవలసిన ప్రశ్న. ఎడమవైపు ఒక్కటే పనిచేయకపోతే పెద్దవాళ్లలో సాధారణంగా ఇంత ఇబ్బంది ఉండదు. మెట్లెక్కితే ఆయాసం, వంగి చెప్పులు తొడుక్కుంటే ఆయాసం, కాస్త అలసట, అంతవరకే. కొందరికైతే ఎక్స్-రే తీసేదాకా తెలియనే తెలియదు. మీ నాన్నగారు వెంటిలేటర్ నుంచి రెండుసార్లు బయటికి రాలేకపోయారు, ఏడు వారాల తర్వాత కూడా నడుం వాల్చలేకపోతున్నారు. అంటే కుడివైపు కూడా కొంత బలహీనంగా ఉందా? ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా? ఎడమ ఊపిరితిత్తి కిందిభాగం ముడుచుకుపోయి ఉందా? ఆపరేషన్‌కు ముందు నుంచీ గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నాయా? గుండె పంపు చేసే శక్తి ఎంతుంది? వీటిలో ఏదో ఒకటి తోడై ఉండాలి. ‘ఎడమ డయాఫ్రం’ అన్న మాటతో వెతకడం ఆపేయకూడదు. గుండె బలహీనపడినా పడుకుంటే ఆయాసం వస్తుంది కనుక ఎకో పరీక్ష కూడా మళ్లీ ఒకసారి చేయించండి. డయాఫ్రం వల్ల వచ్చే ఆయాసం వెల్లకిలా పడుకున్న కొద్ది క్షణాల్లోనే మొదలవుతుంది, లేచి కూర్చుంటే వెంటనే నెమ్మదిస్తుంది. గుండె వల్ల వచ్చేది చాలామందిలో కొంతసేపు పడుకున్నాక మొదలవుతుంది. మీరు గమనించి డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో మీరు చూడగలిగింది మరొకటుంది. నాన్నగారిని రెండు దిండ్ల మీద వెనక్కి వాలమని, చొక్కా విప్పి, పక్కనుంచి ఆయన పొట్టను చూడండి. మనమందరం ఊపిరి పీల్చినప్పుడు పొట్ట మెల్లగా పైకి లేస్తుంది. డయాఫ్రం రెండు వైపులా బలహీనంగా ఉన్నవారిలో ఛాతీ పైకి లేస్తున్నప్పుడే పొట్ట లోపలికి పోతుంది. మెడ కండరాలు ప్రతి ఊపిరికీ బిగుసుకుని లేస్తుంటాయి. అలా కనిపిస్తే ఫోనులో అర నిమిషం వీడియో తీసి రేపు డాక్టరుకు చూపించండి. ఆయాసం రాగానే కూర్చోబెట్టేయండి, చూడాలని బలవంతంగా పడుకోబెట్టకండి.

ఆస్పత్రిలో పరీక్షలు కష్టమైనవేం కావు, ఖరీదైనవీ కావు. అన్నిటికంటే ముందు డయాఫ్రం అల్ట్రాసౌండ్. మంచం పక్కనే చేయవచ్చు. ఊపిరి పీల్చినప్పుడు ఆ కండరం ఎంత దిగుతోందో, ఎంత మందమవుతోందో నేరుగా కనిపిస్తుంది. పనిచేయని కండరం మందం కాదు. కుడివైపు కాలేయం ఉండడం వల్ల తేలికగా కనిపిస్తుంది, ఎడమవైపు ప్లీహం పక్కన సందు చిన్నది కాబట్టి చేయి తిరిగినవారు చేయాలి. ఎక్స్-రే తెర ముందు నిలబెట్టి, నోరు మూసి, ముక్కుతో ఒక్కసారి చప్పున పీల్చమని చూసే పరీక్ష మరొకటి. మంచి వైపు కిందికి దిగుతుంది, చచ్చుబడ్డ వైపు పైకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతుందో గొట్టంలోకి ఊదించి కొలిచే పరీక్ష స్పైరోమెట్రీ. కూర్చుని ఊదినదాన్నే పడుకోబెట్టి మళ్లీ చేయిస్తే ఆ కొలత మామూలు మనిషిలో 10 శాతానికి లోపే తగ్గుతుంది, 30 శాతానికి మించి తగ్గితే రెండువైపులా బలహీనత ఉందని గట్టిగా అనుమానించాలి. మెడ దగ్గర చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి నరంలో సంకేతం కిందిదాకా వెళ్తోందా అని న్యూరాలజిస్టులు చూస్తారు. ఇవి కాక రాత్రి నిద్రలో కార్బన్ డయాక్సైడ్‌తో సహా కొలిచే నిద్ర పరీక్ష. ఆయన విషయంలో నేను దీన్ని వదలను. ఎందుకంటే మనం కలలు కనే దశలో మెడ కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు పూర్తిగా సడలిపోతాయి, ఊపిరి భారమంతా డయాఫ్రం ఒక్కదానిమీద పడుతుంది. అది బలహీనంగా ఉన్నవారికి పగలు ఫర్వాలేదనిపించినా ఆ దశలో గాలి చాలదు. అందుకే పొద్దున తలనొప్పి, పగలు మగత.

ఒక్క మాట మీ అమ్మగారికి. అమ్మా, మీవారు ధైర్యం లేక పీల్చడం మానలేదు. పడుకున్నప్పుడు కడుపులోని అవయవాలన్నీ పైకి జరిగి, నరం లేని ఆ కండరాన్ని ఊపిరితిత్తి మీదికి నెడతాయి. ఎంత మనసు పెట్టినా సంకేతం అందని కండరం కదలదు. ఆయన రాత్రంతా కుర్చీలో కూర్చుంటున్నది భయంతో కాదు. కూర్చుంటేనే ఊపిరి ఆడుతుందని శరీరానికి తెలిసి. ‘గట్టిగా పీల్చండి’ అని రోజూ అంటుంటే ఆయన తననే తప్పుపట్టుకుంటారు. ఇప్పటికే బాగా అలసిపోయిన మనిషి ఆయన.

నరం బాగుపడుతుందా? చాలామందిలో బాగుపడుతుంది, నెమ్మదిగా. చలి వల్లో, సాగడం వల్లో దెబ్బతిని, పైతొడుగు చెక్కుచెదరకుండా ఉన్న నరం కొన్ని వారాల్లోనో నెలల్లోనో తేరుకుంటుంది. లోపలి పోగులు తెగి, తొడుగు మిగిలి ఉంటే అవి మళ్లీ పెరుగుతూ రావాలి. ఆ పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. ఛాతీ పైభాగం నుంచి డయాఫ్రం దాకా రమారమి 20 సెంటీమీటర్లు అనుకుంటే, ఆరేడు నెలలు. షుగరు అదుపులో లేకపోతే ఇంకా ఆలస్యం. కొందరికి ఏడాది, ఏడాదిన్నర కూడా పడుతుంది. పూర్తిగా తెగిన నరం మాత్రం తనంతట తాను అతుక్కోదు. ఏడు వారాలకే మార్పు కనిపించలేదని నిరాశపడకండి, కానీ ఏడు వారాలుగా ఎవరూ కొలవనూ లేదు. మూడు నెలలకోసారి అదే అల్ట్రాసౌండ్, అదే స్పైరోమెట్రీ చేయించి పోల్చి చూడాలి.

ఈ నరం కోలుకోగలదని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. క్షయకు మందులు లేని కాలంలో జబ్బుపడ్డ ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వాలని సర్జన్లు మెడ దగ్గర చిన్నగా కోసి, ఇదే నరాన్ని పట్టకారుతో కావాలనే నలిపేవారు. ఆ వైపు డయాఫ్రం ఆరు నెలలపాటు కదలదు, తర్వాత నరం మళ్లీ పెరిగి పనిలోకి వస్తుంది. వారు లెక్కపెట్టుకున్నదే ఆ ఆరు నెలల గడువు. 1928లో మొదలైన మన తాంబరం శానిటోరియం, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి క్షయ ఆస్పత్రులు ఆ మందుల్లేని రోజుల్లో పుట్టినవే. నలిగిన నరం మళ్లీ మొలుస్తుందనడానికి ఒక తరం రోగుల అనుభవమే ఉంది.

అయితే ‘అదే తగ్గిపోతుంది’ అని ఊరికే కూర్చోవడం నాకు సమ్మతం కాదు. నరం పెరిగేలోపు మనిషి నిలబడాలి. దానికి అన్నిటికంటే పనికొచ్చేది రాత్రిపూట మాస్కుతో పెట్టుకునే బైపాప్ యంత్రం. ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో గాలి నెట్టి, వదిలేటప్పుడు తగ్గిస్తుంది. గురకకు వాడే సీప్యాప్ వేరు. అది గొంతును తెరిచి ఉంచుతుంది కానీ ఊపిరికి తోడు నెట్టదు. దుకాణాల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అమ్మేవారు ‘ఏదైనా ఒకటే’ అనవచ్చు. మీ నాన్నగారికి కావలసింది బైపాప్. తాను ఊపిరి తీయడం మరిచినా నిమిషానికి ఇన్నిసార్లు ఇచ్చేలా అమర్చే వీలున్నది కావాలి. ఒత్తిళ్లు డాక్టరే పెట్టాలి. ముందు అద్దెకు తీసుకోండి. మాస్కు మొదటి రాత్రులు చిరాకు పుట్టిస్తుంది. ముక్కు దూలం మీద ఒరుసుకుపోతే మెత్తని పట్టీ అంటించండి, పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోమనండి. పడుతుందంటే కొద్దిరోజుల్లోనే తెలుస్తుంది, పొద్దున తలనొప్పి తగ్గుతుంది. అలాంటి మార్పు చూసిన కుటుంబాలు తర్వాత ఆ మాస్కును తామే శుభ్రం చేసి దిండు పక్కన పెడతాయి.

పడక తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచండి. కుర్చీలో కాళ్లు వేలాడేసి రాత్రంతా గడపడం వల్ల కాళ్లు వాస్తాయి, కోసిన గాయం సరిగా మానదు. ఒకేసారి కడుపునిండా తినకుండా కొద్దికొద్దిగా అయిదారుసార్లు పెట్టండి, నిండిన పొట్ట డయాఫ్రాన్ని పైకి తోస్తుంది. మలబద్ధకం రానివ్వకండి. ఆస్పత్రిలో ఇచ్చిన మూడు బంతుల పరికరం మీ ఇంట్లో ఉండే ఉంటుంది. చాలామంది దానిలోకి ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. తమిళంలో చెప్పింది నాన్నగారికి అర్థమైందో లేదో ఒకసారి చేయించి చూడండి. పీల్చే కండరాలకు బలం పెంచే వ్యాయామాలు శ్వాస ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. అవి కుడివైపు కండరానికీ, మెడ కండరాలకూ బలమిస్తాయి. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత బరువుతో చేయాలో వారే చెప్పాలి. ఛాతీ ఎముక అతుక్కుంటున్న రోజులు కదా. ఇక నిద్రపట్టడం లేదని ఎవరైనా నిద్రమాత్ర రాస్తే వేయవద్దు, ముందు ఊపిరితిత్తుల డాక్టరును అడగండి. కోడీన్ ఉండే దగ్గు మందులు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు కూడా అంతే. ఇవి ఊపిరిని మందగింపజేస్తాయి.

బొంగురు గొంతు, పొలమారడం మాట మరువకండి. వెంటిలేటర్ గొట్టం వల్ల కొన్నాళ్లు గొంతు బొంగురుపోవడం మామూలే. ఏడు వారాలైనా తగ్గలేదంటే ఇంకొక నరాన్ని చూడాలి. ఎడమ స్వరతంత్రికి వెళ్లే నరం ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని వంపు కిందుగా తిరిగి మళ్లీ గొంతుకు ఎక్కుతుంది. ఆపరేషన్‌లో అది కూడా నలిగి ఉండవచ్చు. ఈఎన్‌టీ డాక్టరు సన్నని కెమెరాతో చూసి నిమిషాల్లో చెబుతారు. డయాఫ్రం బలహీనమైన మనిషికి దగ్గు కూడా బలంగా రాదు. నీళ్లు పొరబాటున ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా పట్టుకుంటుంది. చూపించేదాకా నీళ్లు గటగటా తాగనివ్వకుండా, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి చిన్న గుక్కలుగా తాగించండి.

ఆరు నెలలు, ఏడాది గడిచినా నరంలో కదలిక లేక, ఆయాసం వదలకపోతే ప్లైకేషన్ అనే ఆపరేషన్ ఉంది. వదులుగా పైకి ఉబ్బిన డయాఫ్రాన్ని మడతలు పెట్టి కుట్టి బిగువుగా కిందికి దించుతారు. ఇప్పుడు చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతోనూ చేస్తున్నారు. దానివల్ల నరం రాదు, కానీ ఆ కండరం ఊపిరి పీల్చినప్పుడల్లా పైకి పోయి మంచి వైపు తెచ్చుకున్న గాలిని పాడుచేయడం ఆగుతుంది. ఒకవైపే చచ్చుబడ్డవారికి ఇది బాగా ఉపయోగం. పేస్‌మేకర్ వంటి పరికరంతో డయాఫ్రాన్ని కదిలించవచ్చని ఎక్కడైనా చదివి ఆశపడవద్దు. దానికి కింది నరం బాగుండాలి. మెడ వెన్నుపాము పైభాగం దెబ్బతిన్నవారికి అది వరం, నరమే నలిగినవారికి పనికిరాదు. ఇదే చదువుతున్న పసిబిడ్డల తల్లిదండ్రులకు ఒక మాట: గుండె ఆపరేషన్ తర్వాత పాపాయి వెంటిలేటర్ నుంచి బయటికి రాకపోతే నెలల తరబడి ఎదురుచూడరు, పసివాళ్ల పక్కటెముకలు, వాటి మధ్య కండరాలు ఆ భారం మోయలేవు. అలాంటి బిడ్డకు ప్లైకేషన్ త్వరగా చేస్తామని సర్జన్ చెబితే అది తొందరపాటు కాదు.

కేసు విషయం. నరం దెబ్బతినడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు, పైన చెప్పిన కారణాలు చూశారు కదా. తెలిసిన ప్రమాదం కనుక ఎవరి బాధ్యతా లేదనడమూ సరికాదు. ఆపరేషన్‌కు ముందు ఈ సంగతి చెప్పారా, తర్వాత కనిపెట్టినప్పుడు మీకు వివరించారా, ఎలా చూసుకోవాలో దారి చూపారా? నా మటుకు నాకు నరం నలిగినందుకు కంటే, పడుకోలేని మనిషిని ఒక్క వాక్యం రాసి ఇంటికి పంపినందుకే ఎక్కువ బాధ కలిగింది. తమ్ముడికి చెప్పండి, ఇప్పుడే పోట్లాడనవసరం లేదు. వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు, నెల్లూరులో కూడా. ఇప్పుడు చేయవలసింది పూర్తి రికార్డు కోసం రాతపూర్వకంగా అడగడం. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఆపరేషన్ నోట్సు, వెంటిలేటర్ చార్టులు, ఎక్స్-రేలు అన్నీ తీసుకోండి. ముందు అవి వైద్యానికే పనికొస్తాయి.

కావలి ఎప్పుడు? ఏబీజీ ఫలితం వచ్చి, రాత్రిపూట బైపాప్ స్థిరపడి, కొన్ని వారాలు గడిచాక తప్పక వెళ్లవచ్చు. సొంత ఊరిలో, సొంత మనుషుల మధ్య ఉండాలన్న ఆయన కోరికను తేలికగా తీసేయకండి, అది కూడా ఆయన కోలుకోవడంలో భాగమే. బెర్తు మీద పడుకుని వెళ్లే రాత్రి రైలు వద్దు, పినాకిని వంటి పగటి రైల్లో కూర్చుని వెళ్లండి. అక్కడ కరెంటు పోతే యంత్రం ఆగకుండా ఇన్వర్టరు పెట్టించండి, అది బైపాప్‌ను రాత్రంతా నడపగలదో లేదో ముందే చూసుకోండి. వేలచ్చేరిలో ఉన్నన్నాళ్లూ ఇదే జాగ్రత్త అవసరం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మీ ప్రాంతంలో నీళ్లు ఎలా నిలిచాయో చూశారు కదా. ఊరికి వెళ్లాక తుమ్మలపెంట సముద్రంలో స్నానానికి దిగుతానంటే ఒప్పుకోకండి. ఛాతీ దాకా నీళ్లలో నిలబడితే నీటి ఒత్తిడికి ఆ బలహీనమైన కండరం పైకి జరిగి అక్కడే ఊపిరాడదు. నెల్లూరులో ఒక ఊపిరితిత్తుల డాక్టరును ముందుగానే చూసుకుని, చెన్నై కాగితాలన్నీ వారికి అందజేయండి.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు, ఆపరేషన్ తర్వాతి ఎక్స్-రేలతోపాటు ఆపరేషన్‌కు ముందు తీసిన ఛాతీ ఎక్స్-రే కూడా వెతికి తీసుకెళ్లండి. అది తప్పక ఉండి ఉంటుంది, ఎవరూ అడగరు కాబట్టి ఎక్కడో సంచిలో పడి ఉంటుంది. మామూలుగా కుడివైపు డయాఫ్రం ఎడమదానికంటే కొద్దిగా ఎత్తుగా ఉంటుంది. ఆ పాత ఎక్స్-రేలో ఎడమ వైపు సరిగానే ఉందా, అప్పటికే పైకి లేచి ఉందా అన్నది ఆయన వైద్యానికీ, తమ్ముడి ప్రశ్నకూ మొదటి ఆధారం.